అక్వేరియానికి ఓజోన్ పెడుతున్నారా? వానలు మొదలయ్యేలోపు ఇవి చూసుకోండి

నీళ్లు పసుపు తిరిగాయనో, చేపలకు తెల్లమచ్చలు వచ్చాయనో చాలామంది ఓజోన్ జనరేటర్ కొంటున్నారు. నీళ్లు తేటపడే మాట నిజమే. మచ్చలు మాత్రం పోవు, చేప ఒంటిని పట్టుకున్న పరాన్నజీవి దాకా ఓజోన్ చేరదు. చేరేంత పెడితే ముందు చేప మొప్పలే కాలిపోతాయి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది కూరగాయలు కడిగే ఓజోన్ మెషీన్. దాని గొట్టం చివర బుడగలు వదిలే రాయిని తీసుకెళ్లి ట్యాంకులో వేసేస్తున్నారు. అలాంటివి చాలావరకు గంటకు 400 మిల్లీగ్రాములు వదులుతాయి. వంద లీటర్ల మంచినీటి ట్యాంకుకు గంటకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు. దయచేసి ఆ పని చేయకండి.

ఓజోన్ వెళ్లాల్సింది దాన్ని తట్టుకునే ప్రోటీన్ స్కిమ్మర్‌లోకి (నురగతో మురికి తీసే పరికరం) గాని, రియాక్టర్‌లోకి (ఓజోన్‌ను నీటితో కలిపే మూసిన గొట్టం) గాని. అక్కణ్ణుంచి వచ్చే నీళ్లూ గాలీ రెండూ యాక్టివేటెడ్ కార్బన్ (ఓజోన్‌ను ఆపే బొగ్గు) దాటాకే బయటికి రావాలి. ఉప్పునీటి ట్యాంకులో ఇది మరీ ముఖ్యం, ఆ నీటిలోని బ్రోమైడ్‌తో ఓజోన్ కలిస్తే చేపలకు విషమయ్యే పదార్థాలు పుడతాయి. గదిలో జిరాక్స్ మెషీన్ దగ్గర వచ్చేలాంటి ఘాటు వాసన తగిలిందా, వెంటనే ఆపి కిటికీలు తెరవండి. కాసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు, ఓజోన్ మాత్రం అక్కడే ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే అసలు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక వానాకాలం. చెమ్మగాలి లోపలికి వెళితే ఓజోన్ తగ్గిపోతుంది, పైగా మెషీన్‌లో నైట్రిక్ యాసిడ్ పుట్టి భాగాలను తినేస్తుంది. గాలి పంపుకూ మెషీన్‌కూ మధ్య సిలికా జెల్ డ్రైయర్ ఉండాలి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారాయంటే చెమ్మ పట్టినట్టే, మార్చేయండి. కరెంటు పోతే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి మెషీన్‌లోకి దిగుతాయి. మెషీన్‌ను నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టి, నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ తప్పకుండా బిగించండి. మామూలు రబ్బరు గొట్టం ఓజోన్‌కు పగిలిపోతుంది, సిలికాన్‌ది వాడండి.

ఓఆర్‌పీ కంట్రోలర్ (నీటి ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టుల్లో కొలిచి, హద్దు చేరగానే ఓజోన్ ఆపే పరికరం) లేకుండా మొదలుపెట్టవద్దు. 350 మిల్లీవోల్టుల దగ్గర ఆగేలా పెట్టి, అక్కడికి కూడా కొన్ని రోజుల్లో మెల్లగా చేరనివ్వండి. నీటిలో ఉండి కొలిచే దాని ప్రోబ్‌కు పాకుడు పడితే రీడింగ్ తప్పుతుంది, తరచూ శుభ్రం చేయండి. కంట్రోలర్ ఇరుక్కుపోయి ఓజోన్ ఆపకపోయినా చేపలు బతికేలా చిన్న మెషీనే ఎంచుకోండి.

చేపలకు మందు వేసే రోజుల్లో ఓజోన్ ఆపాలి, అది మందును విరిచేస్తుంది. మందు కోసం కార్బన్ తీసినవాళ్లు, దాన్ని తిరిగి పెట్టాకే స్విచ్ వేయండి.