మనసు కోరినా లెక్కకు కుదరని కొయ్యపని పనిముట్లు: కొనాలో వద్దో తేల్చుకోవడం ఎలా?

కొయ్యపని చేసేవారిలో చాలామంది మనసులో ఒక పనిముట్టు ఉంటుంది. ధర చూసిన ప్రతిసారీ అది తమకు అక్కరలేదనిపిస్తుంది, పక్కన పెట్టిన కొద్ది రోజులకే మళ్లీ గుర్తుకొస్తుంది. అలాంటిదాన్ని కొనాలో వద్దో తేల్చుకోవడానికి దాని గొప్పతనం గురించి ఇంకా చదవడం వల్ల ప్రయోజనం లేదు. అది మన పనిలో ఏ దశను మారుస్తుందో చూడాలి. ముందుగా, ఇప్పటికే చేసి ముగించిన చివరి నాలుగైదు వస్తువుల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ ఎక్కడ ఆలస్యమైందో, ఎక్కడ తిరిగి చేయవలసి వచ్చిందో ఎదురుగా గుర్తించండి. చేయబోయే వస్తువులను ఇందులో చేర్చకండి, ఎందుకంటే ఊహలో చేసే బల్లలకూ బీరువాలకూ ఏ పనిముట్టయినా అవసరంగానే కనిపిస్తుంది.

ఈ పరీక్షకు ఫెస్టూల్ డామినో చక్కని ఉదాహరణ. ఇది చెక్కల అతుకులకు బెజ్జాలు తీసే చేతి యంత్రం. దీని కట్టర్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, రెండు చివరలూ గుండ్రంగా ఉన్న పొడవాటి బెజ్జం కొద్ది క్షణాల్లో పడుతుంది. ఎదుటి చెక్కలోనూ అలాంటిదే తీసి, రెండింటి మధ్య విడి కుసిని, అంటే ఆ బెజ్జాల్లో ఇమిడే చెక్క ముక్కను, జిగురుతో దిగ్గొడితే అతుకు పూర్తవుతుంది. చిన్న నమూనా అయిన డీఎఫ్ 500 గరిష్ఠంగా 10 మిల్లీమీటర్ల మందమున్న కుసులకు, 28 మిల్లీమీటర్ల లోతుకు సరిపోతుంది, అంటే బరువైన తలుపులకు అది చాలదు. ఇదే అతుకును ప్లంజ్ రౌటర్‌తో (తిరిగే కట్టర్‌ను పైనుంచి చెక్కలోకి దింపే యంత్రంతో), చెక్కతో చేసుకున్న ఒక జిగ్‌తో (యంత్రాన్ని సరైన చోట నడిపించే అచ్చుతో) కూడా వేయవచ్చు, బలంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా అమరికకు పట్టే సమయంలోనే ఉంది. అందుచేత మీ కాగితం మీద కుర్చీలు, చట్రాలు వరుసగా కనిపించి, ఒక్కోదానికి పదుల సంఖ్యలో అతుకులు పడుతుంటే డామినో గురించి ఆలోచించండి. ఏడాదికి ఒక బల్ల మాత్రమే కనిపిస్తే జిగ్ చేసుకోండి.

చెక్కను చదును చేసే యంత్రాల విషయంలో మరొక చిక్కు ఉంది. థిక్‌నెస్ ప్లేనర్ కొంటే వంకర చెక్కలన్నీ తిన్ననవుతాయని చాలామంది అనుకుంటారు, కానీ ఆ యంత్రం కింది ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని కోస్తుంది, అంతే. కింద మెలిక ఉంటే, రోలర్ల ఒత్తిడికి కాసేపు అణిగినా, బయటికి వచ్చాక ఆ మెలిక మళ్లీ కనిపిస్తుంది. మొదటి ముఖాన్ని చదును చేయవలసింది జాయింటర్. పొడవైన జాయింటర్‌కు స్థలమూ డబ్బూ లేనివారు, చదునైన ప్లైవుడ్ పలక మీద చెక్కను కదలకుండా చీలికలతో నిలబెట్టి, ఆ పలకతో సహా ప్లేనర్‌లోకి పంపితే జాయింటర్ లోటు చాలావరకు తీరుతుంది.

వేలు తగిలితే ఆగే సాస్టాప్ రంపపు బల్లను మాత్రం ఈ కాగితంతో తూచకూడదు. దాని బ్లేడులో స్వల్ప విద్యుత్ సంకేతం ప్రవహిస్తూ ఉంటుంది. చర్మం తాకి ఆ సంకేతం మారగానే అల్యూమినియం దిమ్మ పళ్లలోకి దూసుకువెళ్లి, సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేస్తుంది. ఆ బ్రేకు ఒక్కసారికే పనికొస్తుంది, బ్లేడు కూడా సాధారణంగా పాడవుతుంది. బాగా తడిసిన చెక్కకు అది పొరపాటున పనిచేసే అవకాశం ఉందన్న అభ్యంతరం నిజమే, అయినా ఆ నష్టాన్ని వేలి పక్కన పెట్టి చూస్తే వాదన నిలవదు. ఇతరులూ, నేర్చుకునేవారూ ఆ బల్ల దగ్గర నిలబడే పక్షంలో, నా దృష్టిలో వాయిదా వేయవలసినవి మిగతా కోరికలే. చెక్క ఎగిరి వెనక్కి తన్నడాన్ని ఆ బ్రేకు ఆపదు కనుక రివింగ్ నైఫ్‌ను (కోసిన చీలిక మూసుకోకుండా బ్లేడు వెనక ఉండే పలుచని రేకును) తీసివేయకండి.

ఇక చిత్రికలు. లై-నీల్సన్ వంటి సంస్థలు చేసే చిత్రికలు అందమైనవి, పెట్టె తెరిచిన రోజే దాదాపు పనికి సిద్ధంగా ఉంటాయి. ఐతే పాత స్టాన్లీ 4వ నంబరు చిత్రిక అడుగును చదును చేసి, ఉలిని బాగా సానపట్టి, దాని మీది చిప్ బ్రేకర్‌ను (లేచే పొట్టును విరిచే ఇనుప పలకను) ఉలి అంచుకు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరంలో బిగిస్తే, ఎదురు పీచు ఉన్న చెక్క మీద కూడా పీచు లేవకుండా పని సాగుతుంది. కనుక ముందు ఉన్న చిత్రికను అలా సరిచేసి చూడండి. అప్పటికీ ఖరీదైనది కావాలనిపిస్తే నిక్షేపంగా కొనుక్కోవచ్చు, కానీ పని వేగం పెరుగుతుందన్న సాకు మాత్రం అక్కరలేదు. చేతిలో బాగుంటుందన్నది చాలినంత కారణమే.

ధర చూసేటప్పుడు వెంట వచ్చే ఖర్చులను కూడా కలపాలి: కట్టర్లు, పొట్టు లాగే యంత్రం, తగిన విద్యుత్ కనెక్షన్, చెక్క అటూ ఇటూ కదలడానికి చోటు. చెక్క పొడి క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గానికి చెందినది కాబట్టి పొట్టు లాగే యంత్రాన్ని అదనపు హంగుగా లెక్కించకూడదు.

వాడిన యంత్రం కొనదలిస్తే, కరెంటు తీయించి కుదురును (బ్లేడు లేదా కత్తులు తిరిగే ఇరుసును) చేత్తో ఊపి బేరింగుల వదులు చూడండి, బల్ల మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింది నుంచి వెలుతురు వస్తుందేమో గమనించండి, తరువాత నడిపించి శబ్దం వినండి. ఆ నమూనాకు కత్తులు, బెల్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయో లేదో బేరానికి ముందే కనుక్కోండి, దొరకకపోతే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.