సిడ్నీలో నల్ల సాలీడు: కొత్తగా వచ్చినవారికి

సిడ్నీకి కొత్తగా వచ్చిన తెలుగువారిని మొదటి వేసవిలో బెదరగొట్టేది సాధారణంగా హంట్స్‌మన్ అనే సాలీడు. గోధుమరంగు నూగుతో, అరచేయంత వెడల్పున కాళ్లు చాపుకొని, అది పడకగది గోడమీదనో, కారులో ఎండతెర వెనుకనో హఠాత్తుగా కనబడుతుంది. నేను వచ్చిన ఏడాది దాన్ని చూసి రెండు రాత్రులు హాల్లో పడుకున్నాను. ఆ భయం అనవసరమని తరువాత తెలిసింది. కరిస్తే కాసేపు నొప్పి పుట్టడం తప్ప దానివల్ల ప్రాణహాని లేదు, పైగా బొద్దింకలను తిని మేలే చేస్తుంది. నిజంగా జాగ్రత్తపడవలసిన నల్ల సాలీడుకు నున్నటి గోడలు ఎక్కడం చేతకాదు. అది నేలమీదనే తిరుగుతుంది, రాత్రిపూట తిరుగుతుంది, తెల్లవారేసరికి దాక్కోవడానికి చీకటిగా, తేమగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. గుమ్మం బయట చెప్పులు, బూట్లు విడిచే మన అలవాటు దానికి అలాంటి చోటును సిద్ధం చేసి పెడుతుంది.

దాని పేరు సిడ్నీ ఫన్నెల్‌వెబ్, శాస్త్రీయ నామం అట్రాక్స్ రోబస్టస్. రాళ్ల కింద, కుళ్లిన దుంగల కింద, మొక్కల మొదళ్లలో బొరియ చేసుకొని, దాని మూతి వద్ద తెల్లటి పట్టుదారాలతో గరాటు వంటి గూడు అల్లుతుంది కనుక ఆ పేరు వచ్చింది. బొరియ చుట్టూ నేలమీద అడ్డదిడ్డంగా పరచుకున్న దారాలు కనబడితే అక్కడ చెయ్యి పెట్టకూడదు. 2025లో వెలువడిన పరిశోధన ఒకే జాతి అనుకున్న ఈ సాలీడును మూడు జాతులుగా విడదీసింది. సిడ్నీకి ఉత్తరాన ఉన్న న్యూకాజిల్ ప్రాంతంలో ఉండేది వాటిలో పెద్దది. చికిత్స విషయంలో మాత్రం తేడా లేదు, మూడింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది.

గుర్తుపట్టడం ఇలా: ఒంటి ముందుభాగం నూగు లేకుండా నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఒళ్లు ఒకటి నుంచి ఐదు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. వెనుక చివర దారం తీసే రెండు వేళ్ల వంటి అవయవాలు పొడుగ్గా పొడుచుకొని కనబడతాయి. కోరలు కత్తెరలా ఎదురెదురుగా కాక, రెండూ సమాంతరంగా కిందికి దిగుతాయి. ఎదురుపడితే పారిపోకుండా ముందుకాళ్లు పైకెత్తి నిలబడడం దీని స్వభావం. అయితే ట్రాప్‌డోర్, మౌస్ స్పైడర్ వంటి ఇతర నల్ల సాలీళ్లు కూడా దూరం నుంచి ఇలాగే ఉంటాయి. పరిశీలనగా చూసి తేల్చుకోవడం మన పని కాదు. సిడ్నీ ప్రాంతంలో పెద్ద నల్ల సాలీడు ఏది కరిచినా, కాదని వైద్యులు చెప్పేవరకు ఫన్నెల్‌వెబ్ కాటుగానే భావించాలి.

చాలా సాలీళ్లకు భిన్నంగా ఇందులో ఆడదానికన్నా మగదే ప్రమాదకరం. మగది నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, ముఖ్యంగా వాన వెలిసిన రాత్రుల్లో, ఆడదాన్ని వెతుక్కుంటూ బొరియ వదిలి తిరుగుతుంది. అలా తిరుగుతూ తలుపు కింది సందులోంచి ఇంట్లోకి వస్తుంది, గరాజులో దూరుతుంది, ఈతకొలనులో పడుతుంది. కొలను అడుగున కదలకుండా ఉన్నది చచ్చిందనుకొని చేత్తో తీయకండి, ఒంటికి పట్టి ఉన్న గాలిబుడగతో అది నీళ్లలో గంటల తరబడి బతికే ఉంటుంది. విషంలోని ప్రధాన పదార్థం నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు, అందువల్ల నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. విచిత్రమేమిటంటే ఇది మనుషులకూ కోతులకూ ప్రాణాంతకమే గాని, కుక్కలు, పిల్లులు, కుందేళ్లు చాలావరకు తట్టుకుంటాయి. కాబట్టి కుక్కను కరిచినా దానికి ఏమీ కాలేదు గనుక ఆ సాలీడు మంచిదే అని నిర్ణయించుకోవడం పొరపాటు.

కరిచిన వెంటనే కోర దిగిన నొప్పి గట్టిగా ఉంటుంది. విషం ఎక్కితే కొద్ది నిమిషాల్లోనే నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక అదురుట, ధారగా చెమట, నోట్లో నీళ్లూరుట, కన్నీరు, వాంతి, కండరాలు తమంతట తామే ఎగిరిపడుట, ఊపిరి అందకపోవుట వరుసగా రావచ్చు. చాలా కాట్లలో విషం అంతగా ఎక్కదు, కాని ఎక్కుతుందో లేదో చూద్దామని ఇంట్లో కూర్చునే వ్యవధి ఇక్కడ లేదు.

ముందుగా అత్యవసర సేవల నంబరు 000కు ఫోన్ చేయాలి. ఇంగ్లీషు ధారాళంగా రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ‘ఆంబులెన్స్’ అని, తరువాత ‘తెలుగు’ అని చెప్పి ఫోను పెట్టేయకుండా ఉంటే చాలు, అనువాదకుణ్ణి కలుపుతారు. ఈ రెండు మాటలను అమ్మానాన్నల చేతనో, అత్తమామల చేతనో ఒకసారి పలికించి చూడడం వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే చేయదగిన పని. ఫోన్ చేస్తూనే కాటు పడిన వ్యక్తిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి, కదలనివ్వకండి. నడిపించుకుంటూ కారు దగ్గరకు తీసుకువెళ్లడం కూడా తగదు. చేయి లేదా కాలిమీద కాటు పడితే దానిమీద వెడల్పాటి క్రేప్ బ్యాండేజ్‌ను గట్టిగా చుట్టి, మరో బ్యాండేజ్‌ను వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి వీలైనంత వరకు చుట్టాలి. బెణికిన మడమకు కట్టేటంత బిగువు సరిపోతుంది. ఆపైన కర్రో, గట్టి అట్టో ఆనించి ఆ అవయవం వంగకుండా కట్టాలి. బ్యాండేజ్ లేకపోతే చీర అంచు, చున్నీ, చింపిన దుప్పటి ఏదైనా పనికొస్తుంది. ఆసుపత్రిలో విప్పమనేవరకు ఆ కట్టును విప్పకూడదు.

మన ఊళ్లలో తేలు కుట్టినా పాము కరిచినా కాటుకు పైన తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోసి రక్తం పీల్చడం, పసరు పూయడం చూసి పెరిగినవాళ్లం మనం. ఈ మూడూ ఇక్కడ చేయకూడనివే. తాడు రక్తప్రసారాన్ని ఆపి కాలికీ చేతికీ హాని చేస్తుంది. బ్యాండేజ్ అలా కాదు, విషం ప్రయాణించే లింఫు నాళాలను అణచి దాన్ని అక్కడే నిలిపి ఉంచుతుంది. ఈ కట్టు పద్ధతిని రూపొందించిన స్ట్రువాన్ సదర్లాండ్ అనే వైద్య పరిశోధకుడే కామన్వెల్త్ సీరం లాబొరేటరీస్‌లో విరుగుడు మందును కూడా తయారుచేశారు. 1927 నుంచి 1980 వరకు పదమూడు మరణాలు నమోదయ్యాయి. 1981లో మందు వచ్చాక ఈ సాలీడు కాటువల్ల ఒక్క మరణమూ నమోదు కాలేదు. ఆ విరుగుడు మందు ఆసుపత్రుల్లోనే ఉంటుంది, మందుల షాపులో దొరకదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఆంబులెన్స్ ఖర్చు భరించదు కనుక, దానికి విడిగా బీమా ముందే తీసుకోండి, విజిటర్ వీసాపై వచ్చే పెద్దల పాలసీలోనూ ఆ అంశం ఉందో లేదో చూసుకోండి. కాటు పడిన క్షణంలో మాత్రం బిల్లు గురించి ఆలోచించి ఆగకండి.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. పెరటి కుర్చీల కింద, ఉత్తరాల పెట్టెలో, పూలకుండీల వెనుక ఉండే రెడ్‌బ్యాక్ అనే మరో సాలీడు బఠానీగింజంత పొట్టతో నల్లగా ఉంటుంది, ఆడదాని వీపున ఎర్రటి చార ఉంటుంది. దాని విషం నెమ్మదిగా వ్యాపిస్తుంది, కట్టు కడితే నొప్పి పెరుగుతుంది. అందువల్ల దీనికి బ్యాండేజ్ వద్దు, ఐసు గడ్డను గుడ్డలో చుట్టి పెట్టి, 13 11 26 నంబరులో విషాల సమాచార కేంద్రాన్ని సంప్రదించండి. నొప్పి పెరుగుతున్నా, చెమటలు పట్టినా, పిల్లలను కరిచినా ఆసుపత్రికి వెళ్లాలి.

నివారణ సులువే. చెప్పులు, బూట్లు రాత్రిపూట లోపల పెట్టుకోండి, బయట ఉన్నవాటిని తొడుక్కునే ముందు బోర్లించి దులపండి. తడి బట్టలు, తువ్వాళ్లు నేలమీద వదలకండి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించండి. గోంగూర మడి తవ్వేటప్పుడూ, కరివేపాకు మొక్క చుట్టూ ఎండుటాకులు తీసేటప్పుడూ మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. పురుగుల మందు చల్లిస్తే ఫన్నెల్‌వెబ్‌లు రావని నమ్మకండి, తిరిగే మగవి ఎక్కడో బయట నుంచి వస్తాయి.

ఇంట్లో కనబడితే పొడవాటి కర్రతో వెడల్పు మూతి గల గాజు సీసాలోకి నెట్టవచ్చు, నున్నటి గాజును పాకడం దానికి చేతకాదు. సెంట్రల్ కోస్ట్‌లోని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ విరుగుడు మందు తయారీకి కావలసిన విషాన్ని ఇలా ప్రజలు పట్టి ఇచ్చిన సాలీళ్ల నుంచే తీస్తుంది, వాటిని అప్పగించే చోట్ల వివరాలు ఆ పార్కు వెబ్‌సైటులో ఉంటాయి. సీసాలో కొంచెం తడిమట్టి వేసి, మూతకు చిన్న రంధ్రాలు చేయడం మరవకండి. ధైర్యం చాలకపోతే తలుపు కింద తువ్వాలు దోపి, గది మూసేసి, అలవాటున్న పొరుగువారిని పిలవండి.