కొత్త ఇంటి పునాదిలోనే చెదలకు అడ్డుకట్ట: నా అనుభవం

పాత ఇంటి ద్వారబంధాలను చెదలు డొల్ల చేసిన స్థలంలోనే మళ్లీ కడుతున్నందున, బేస్‌మెంట్‌లో గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టించిన వెంటనే మందు పోయించాను. 20 శాతం క్లోరోపైరిఫాస్ అనే చెదల మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున తడిపించి, అది ఇంకాక, వాన పడకముందే కాంక్రీటు వేయించాను. అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది. బాత్రూం పైపుల కోసం ప్లంబర్ ఒక మూల కాంక్రీటు పగలగొట్టి తవ్వడంతో మందు పట్టిన మట్టి పొర తెగిపోయింది. మేస్త్రీలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, చెదలకు ఆ సందు చాలు. అందుకే గోతిని పూడ్చేటప్పుడు పొరపొరకూ మందు పోయించి, పైపు చుట్టూ సిమెంటుతో గట్టిగా మూయించాను. బయటి గోడ వెంట అరడుగుకొకటి చొప్పున అడుగు లోతు రంధ్రాలు ఇనుప కడ్డీతో చేయించి, అదే ద్రావణం నింపించాను. గోడకు ఆనించిన సెంట్రింగ్ చెక్కల మీదుగా చెదలు మందును తాకకుండానే ఎక్కగలవు కనుక వాటినీ తీయించేశాను.