సూపర్‌కార్ టెస్టు అంకెల్లో టైరు వాటా ఎంత, గేర్‌బాక్స్ వాటా ఎంత? తేల్చుకోవడం ఎలా

2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3ని రెండు గేర్‌బాక్సులతో అమ్మారు. ఇంజిను రెండింటికీ ఒకటే, 4 లీటర్లు, 510 హార్స్‌పవర్. ఏడు గేర్ల పీడీకే బాక్సుతో (పోర్షే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) 0 నుంచి 100 కి.మీ. వేగానికి 3.4 సెకన్లని కంపెనీ చెబుతుంది. ఆరు గేర్ల మాన్యువల్‌తో 3.9. పైగా మాన్యువల్ కారే 17 కిలోలు తేలిక, గరిష్ఠ వేగం కూడా దానిదే 2 కి.మీ. ఎక్కువ. అయినా ఆ అర సెకను ఎక్కడికి పోయినట్టు?

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గిత్తకు బలం ఎంతున్నా డెక్క నేలను పట్టకపోతే బండ కదలదు. కారుకు డెక్క టైరు. ఇంజిను బలాన్ని ఆ టైరుదాకా తెగకుండా చేర్చేది గేర్‌బాక్సు. పత్రికలో, యూట్యూబులో కనిపించే టెస్టు అంకెల్లో ఈ రెండింటి వాటాను విడదీసి చూడటం, వీలైతే మీ కారుతో మీరే సరిగా కొలుచుకోవడం ఎలాగో వరసగా చూద్దాం.

1. ముందు అంకె ఎలా పుట్టిందో చూడండి

అమెరికా పత్రికల్లో 0-60 అని ఉంటే అది మైళ్లలో. 60 మైళ్లంటే 96.6 కి.మీ. ఈ 3.4 కి.మీ. తేడాకే సూపర్‌కారులో దాదాపు 0.15 సెకను పోతుంది. దీనికి తోడు కార్ అండ్ డ్రైవర్, మోటార్‌ట్రెండ్ లాంటి అమెరికా పత్రికలు ‘రోలౌట్’ పాటిస్తాయి. కారు కదిలిన మొదటి ఒక అడుగును, అంటే 30 సెంటీమీటర్లను, లెక్కలోకి తీసుకోవు. ఆ అడుగు దాటేసరికే గట్టి కారు 8 కి.మీ. వేగంలో ఉంటుంది, పావు సెకను పైన గడిచిపోయి ఉంటుంది. ఈ రెండూ కలిస్తే 0.4 సెకను. అంటే రోలౌట్ తీసేసిన 3.0 సెకన్ల 0-60, రోలౌట్ కలిపిన 3.4 సెకన్ల 0-100 ఒకే కారువి కావచ్చు. టైరు, గేర్‌బాక్సు జోలికి పోకముందే ఈ తేడా సరిచేసుకోవాలి. వీడియోల కింద జరిగే గొడవల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

2. టైరు పక్కగోడ చదవండి

కారు పేరు కన్నా టైరు పేరు ముఖ్యం. టెస్టు కథనంలో టైరు పేరు ఇవ్వకపోతే ఆ అంకెకు సగం విలువే ఇవ్వండి.

పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె వెతకండి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటుంది. రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిచే పైలట్ స్పోర్ట్ కప్ 2 మీద 180. ట్రాక్ కోసమే అన్నట్టుండే పిరెల్లీ పీ జీరో ట్రొఫియో ఆర్ మీద 60. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది. అందుకే ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు బాగా పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా పనికిరాదు.

తర్వాత కారు కంపెనీ గుర్తు చూడండి. పోర్షేకు ఎన్0, ఎన్1 లాంటివి, ఫెరారీకి కే1, మెర్సిడెస్‌కు ఎంఓ, బీఎండబ్ల్యూకు నక్షత్రం. పేరూ సైజూ ఒకటే అయినా ఈ గుర్తు మారితే లోపలి అల్లిక, రబ్బరు మారి ఉండవచ్చు. లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ కారును గరిష్ఠ లాగుడుతో బయల్దేరదీసే ఏర్పాటు), ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా ఆపే ఏర్పాటు) రెండూ చక్రం ఎంత జారితే ఎంత పట్టు దొరుకుతుందో ఆ టైరుకు సరిపడా నేర్చుకుని వచ్చినవి. గుర్తులేని టైరు వేస్తే కారు పాత లెక్కతోనే పట్టుకుంటుంది, వదులుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ కారులో ఇబ్బంది ఇంకా పెద్దది. ముందు టైర్లు అరిగి వెనకవి కొత్తవైతే చుట్టుకొలతలు తేడా వచ్చి, రెండు యాక్సిళ్లను కలిపే క్లచ్ ఊరికే రుద్దుకుంటూ వేడెక్కుతుంది.

మూడోది తయారీ తేదీ. డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మన దగ్గర అమ్మకానికి వచ్చే పాత సూపర్‌కార్ల మీటరు కొన్ని వేల కిలోమీటర్లే చూపిస్తుంది, టైరు మీద గాడి నిండుగా ఉంటుంది. కానీ ఆరేళ్ల కిందటి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గాడి లోతును చూసి మోసపోతే అంకె రాదు, వానలో అయితే కారే చేయి దాటిపోతుంది.

చివరగా స్పీడు అక్షరం. డబ్ల్యూ అంటే 270 కి.మీ. దాకా, వై అంటే 300 దాకా. వై అక్షరం బ్రాకెట్లలో ఉంటే 300కు పైన. గరిష్ఠ వేగానికి హద్దు గీసేది చాలాసార్లు టైరే. బుగాటీ షిరాన్ 2019లో జర్మనీలోని ఎరా-లెసీన్‌లో 490.484 కి.మీ. కొట్టింది. అందుకు అదనపు బలం ఇచ్చిన టైర్లు చేయించి, బిగించే ముందు ఒక్కోదానికీ ఎక్స్‌రే తీశారు. జనానికి అమ్మిన మామూలు షిరాన్ 420 దగ్గర ఆగుతుంది.

3. గాలి తెల్లవారుజామున పట్టించండి

నెల్లూరు వైపు జనం ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. టైరు లోపల వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు 1.5 పీఎస్‌ఐ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 33 పట్టించిన టైరు 65 డిగ్రీలకు చేరితే గేజీలో 39 పైనే కనిపిస్తుంది. ఒత్తిడి అంత పెరిగితే టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలను వదిలేస్తాయి.

డోరు పక్కన అంటించిన అంకె చల్లని టైరుకు. కారు కనీసం మూడు గంటలు నీడలో నిలబడ్డాకే ఆ అంకె వర్తిస్తుంది. రోహిణి కార్తె ఎండలో బంకుకు వెళ్లి, వేడి టైరులో ‘33 పెట్టు’ అంటే తెల్లారేసరికి 27, 28 మిగులుతుంది. బంకు కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు కూడా చిక్కే. తడిగాలి టైరులోకి వెళితే వేడికి ఒత్తిడి ఇంకా అడ్డదిడ్డంగా పెరుగుతుంది. నైట్రోజన్ వల్ల వచ్చే లాభం అది పొడిగా ఉండటమే, అందులో మాయేమీ లేదు.

ఎండకు తారు 60 డిగ్రీలు దాటితే మెత్తని ట్రాక్ రబ్బరు రెండు మూడు పరుగుల తర్వాత జిడ్డుగా మారి జారుతుంది. ఇంజినుకూ దెబ్బే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి 8 శాతం పలచన, టర్బో లేని ఇంజిను ఇంచుమించు అంత బలమూ కోల్పోతుంది. అందుకే యూరప్ చలిలో తీసిన అంకె మన మే నెలలో రాలేదని గేర్‌బాక్సును తిట్టకండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల వానల్లో మాత్రం ట్రాక్ టైరు బయటికే తీయొద్దు. దాని గాడులు నీళ్లను తోడేయలేవు.

4. రెండో గేరు ఎక్కడ అయిపోతుందో లెక్క కట్టండి

0-100 పరుగులో ఎన్నిసార్లు గేరు మార్చాల్సి వస్తుందన్నది కాగితం మీదే తెలిసిపోతుంది.

ఉదాహరణకు వెనక టైరు 305/30 ఆర్20 అనుకుందాం. పక్కగోడ ఎత్తు 305లో 30 శాతం, అంటే 91.5 మిల్లీమీటర్లు. రెండు వైపులా 183. దానికి 20 అంగుళాల రిమ్ము 508 కలిపితే వ్యాసం 691. చుట్టుకొలత 2.17 మీటర్లు. బరువుకు టైరు కాస్త అణుగుతుంది కనుక 2.11 అని వేసుకోండి. ఇంజిను గరిష్ఠ ఆర్‌పీఎంను ఈ చుట్టుకొలతతో, 60తో గుణించి 1000తో భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్ని రెండో గేరు నిష్పత్తి, క్రౌన్ పీనియన్ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలను తిప్పే చివరి గేర్ల జత) నిష్పత్తి గుణించగా వచ్చినదానితో భాగిస్తే ఆ గేరులో అందే వేగం తేలుతుంది.

8000 ఆర్‌పీఎం, క్రౌన్ పీనియన్ 4.4, రెండో గేరు 2.2 అయితే 104.6 కి.మీ. ఒక్క మార్పుతో 100 దాటేస్తుంది. రెండో గేరు 2.3 అయితే 100.1. అంచున ఉంది. అదే టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 681కి పడిపోయి, రెండో గేరు 98.6 దగ్గరే అయిపోతుంది. ఇప్పుడు 100 చేరాలంటే మూడో గేరు వేయక తప్పదు. మాన్యువల్‌లో ఆ ఒక్క మార్పుకే 0.3 నుంచి 0.5 సెకను పోతుంది. అదే కారు 60 మైళ్ల టెస్టులో ఏ తేడా చూపించదు, ఎందుకంటే 96.6 ఇంకా రెండో గేరులోనే ఉంది. అరిగిన టైరుతో మీటరు అసలుకన్నా ఎక్కువ వేగం చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

గేరు మార్పు వేగం బాక్సు రకాన్ని బట్టి ఉంటుంది. పాత సింగిల్ క్లచ్ ఆటోమేటిక్‌లు క్లచ్ వదిలి, గేరు మార్చి, మళ్లీ పట్టాలి. ఫెరారీ ఎన్జోలో దీనికి 150 మిల్లీసెకన్లు, లాంబోర్గినీ అవెంటడార్‌లో 50 అని కంపెనీలు చెప్పాయి. అంకె చిన్నదే అయినా లాగుడు మధ్యలో తెగుతుంది, వీపు మీద తన్నినట్టు తెలుస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకొకటి. రెండో గేరులో వెళుతుండగానే మూడోది సిద్ధంగా కూర్చుంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకొకటి పట్టుకుంటుంది కాబట్టి లాగుడు తెగదు. దీనికీ ఒక బలహీనత ఉంది. బాక్సు పై గేరు సిద్ధం చేసుకుని ఉండగా మీరు హఠాత్తుగా కింది గేరు అడిగితే తడబడుతుంది. అందుకే 80-120 టెస్టు అంకెలు చూసేటప్పుడు కారు ఏ గేరులో మొదలుపెట్టిందో చూడాలి.

కోనిగ్‌సెగ్ రెగెరాలో మామూలు గేర్‌బాక్సే లేదు. అలాంటి కార్లకు ఈ లెక్క వర్తించదు.

5. ట్రాక్‌కు వెళ్లండి, హైవే వద్దు

నెల్లూరు, ఒంగోలు మధ్య ఎన్‌హెచ్-16 ఆరు వరసలతో ఊరిస్తుంది. చీమకుర్తి రాయి లారీలు, కృష్ణపట్నం పోర్టు లారీలు రాల్చిన దుమ్ము, రొయ్యల బండ్ల నుంచి కారే మంచు నీళ్లు ఆ తారు మీద ఎప్పుడూ ఉంటాయి. అక్కడ వచ్చిన అంకె టైరుది కాదు, ఆ దుమ్ముది. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద వేగ పరీక్ష చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉండనే ఉన్నాయి. అన్నిటికీ మించి, అడ్డొచ్చే ప్రాణాలు ఉంటాయి.

మన జిల్లాల వాళ్లకు దగ్గర దారి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో, 3.7 కి.మీ. ట్రాక్. ట్రాక్ డే ఉన్నప్పుడు ముందే పేరు నమోదు చేసుకుని వెళ్లాలి. తడ దాటి అంత దూరం నడిచాక టైర్లు కాగి ఉంటాయి, దిగీ దిగగానే గాలి సరిచేయొద్దు.

కొలవడానికి ఫోను జీపీఎస్ పనికిరాదు. సెకనుకు ఒక్కసారి చదివే పరికరం మూడు సెకన్ల పరుగును ఏం పట్టుకుంటుంది? సెకనుకు కనీసం 10 సార్లు, వీలైతే 20 సార్లు చదివే వీబాక్స్, డ్రాగీ లాంటివి వాడండి. రెండు వైపులా పరుగు తీసే వీలుంటే తీసి సగటు వేయండి. గాలీ వాలూ అప్పుడే చెల్లుకు చెల్లవుతాయి. 1 శాతానికి మించిన వాలు ఉన్న పరుగును పక్కన పెట్టండి. ట్యాంకులో పెట్రోలు ప్రతిసారీ ఒకే మట్టంలో ఉంచండి. 60 లీటర్లంటే 45 కిలోలు.

6. లాంచ్ కంట్రోల్‌కు ఊపిరి ఇవ్వండి

కారు హ్యాండ్‌బుక్‌లో చెప్పిన వరసలోనే వాడండి. ఇంజిను, గేర్‌బాక్సు నూనె రెండూ కాగాలి. బ్రేకు, ఆక్సిలరేటర్ రెండూ తొక్కి సెకన్ల తరబడి ఆపి ఉంచితే క్లచ్ ప్లేట్లు కాగిపోతాయి.

వరసగా నాలుగైదు లాంచ్‌లు చేస్తే అంకె ఎందుకు పడిపోతుందో చాలామందికి అంతుపట్టదు. టైరు పోయిందనుకుంటారు. నిజానికి క్లచ్ వేడెక్కి, బాక్సును కాపాడుకోవడానికి కంప్యూటర్ ఇంజిను లాగుడును తగ్గిస్తుంది. తేల్చుకునే పద్ధతి తేలిక. పరికరంలో మొదటి 30 కి.మీ. విడిగా చూడండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే టైరు జారింది. ఆర్‌పీఎమే మెల్లగా పెరిగి, చక్రం అసలు జారకపోతే కంప్యూటర్ బిగబట్టింది. మొదటి 60 కి.మీ. దాకా రెండు పరుగులు ఒకేలా ఉండి, ఆపైన తేడా వస్తే గేరు మార్పులోనో, వేడిగాలికి ఇంజిను బలం తగ్గడంలోనో వెతకాలి. ఒక్కో లాంచ్ తర్వాత మెల్లగా ఒక చుట్టు తిప్పి తీసుకురండి. వెంటనే ఆపేస్తే వేడి బాక్సులోనే ఉండిపోతుంది.

7. బ్రేకు అంకెతో టైరును విడిగా పట్టుకోండి

100 నుంచి ఆగే దూరంలో గేర్‌బాక్సు ప్రమేయం దాదాపు లేదు. పట్టు గుణకం (టైరు నేలను ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె) 1.0 అయితే 39 మీటర్లు, 1.2 అయితే 33, 1.3 అయితే 30. రెండు కార్లు ఒకే దూరంలో ఆగి, 0-100లో మాత్రం అర సెకను తేడా చూపిస్తే, ఆ తేడా టైరుది కాదు. డ్రైవ్ ఎన్ని చక్రాలకో చూసి, తర్వాత గేర్‌బాక్సు వైపు వెళ్లండి.

ల్యాప్ టైముకు ఈ విడదీత కుదరదు. మొదట చెప్పిన జీటీ3 పీడీకే జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్‌ను కప్ 2 ఆర్ టైర్లతో 6 నిమిషాల 59.927 సెకన్లలో చుట్టింది. తర్వాతి జీటీ3 మాన్యువల్‌తోనే 2025లో 6 నిమిషాల 56.294 సెకన్లు తీసింది. మాన్యువల్ గెలిచిందని దీన్నిబట్టి అనేస్తే తప్పు. సస్పెన్షను, గాలి ఒత్తిడిని వాడుకునే రెక్కలు, క్రౌన్ పీనియన్ నిష్పత్తి, ఆ రోజు వాతావరణం అన్నీ మారాయి. టైరు, బాక్సు, వాతావరణంలో రెండు ఒకటై ఉండి, ఒకటి మాత్రమే మారిన టెస్టులనే పక్కపక్కన పెట్టండి.

ట్రాక్ మీద వేడి టైరులోంచి గాలి తీసి ఉంటే, ఇంటికి బయల్దేరే ముందు దాన్ని మళ్లీ నింపడం మరవకండి. తక్కువ గాలితో సూళ్లూరుపేట దాకా 100 మీద వచ్చినా పక్కగోడ లోపలినుంచి దెబ్బతినవచ్చు, పైకి ఏమీ కనిపించదు. మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు డోరు పక్క అంకెకు సరిచేయండి.