క్లిప్పులు తీశాక పళ్ళపై మిగిలిన తెల్లమచ్చలు

క్లిప్పులు తీయించుకున్న రోజున అద్దంలో చూసుకుంటే పలువరుస చక్కబడింది గాని, తీగను పట్టి ఉంచే చిన్న బిళ్ళ (బ్రాకెట్) అంటించిన చోటు చుట్టూ, ముఖ్యంగా చిగుళ్ళ వైపున, సుద్ద రాసినట్టు తెల్లని మచ్చలు కొందరికి కనిపిస్తాయి. బ్రాకెట్ అంచున నిలిచిన పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చగా, పంటి గట్టి కవచమైన ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోయిన ఆనవాళ్ళవి. పైపొర గట్టిగా ఉండి, దాని అడుగున మాత్రమే సన్నని రంధ్రాలు పడిన ఈ దశలో డ్రిల్లింగు అక్కరలేదు.

పంటిని దూదితో తుడిచి కాసేపు ఆరనిస్తే, రంధ్రాలలోని తడి పోయి గాలి చేరడం వల్ల మచ్చ మరింత తెల్లబడుతుంది. ఉమ్మి తగలగానే కొంత మసకబారుతుంది. నల్గొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవారి మచ్చలు ఫ్లోరోసిస్ (నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు కలిగే లోపం) వల్ల వచ్చినవీ కావచ్చు. అవి క్లిప్పులకు ముందునుంచే, సాధారణంగా రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి కనుక పాత ఫొటోలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. మచ్చ గరుకుగా ఉన్నా, గుంట పడినా ఆలస్యం చేయకుండా దంతవైద్యుని చూడాలి.

మొదటి కొన్ని నెలలు, కరిగిపోయిన కాల్షియం, ఫాస్ఫేటును పంటికి తిరిగి చేర్చేందుకు లాలాజలానికి అవకాశమివ్వడమే మేలు. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోముకొని, నురుగు ఉమ్మివేయాలే గాని నీళ్ళతో పుక్కిలించకూడదు. గంటకోసారి తీపి టీ తాగే అలవాటు ఉంటే, పేస్టు చేసిన పని చాలావరకు వృథా అవుతుంది. బొగ్గుపొడి, ఉప్పు, నిమ్మరసంతో రుద్దితే మచ్చ పోదు సరికదా, మిగిలిన ఎనామెల్ కూడా అరుగుతుంది.

గాఢమైన ఫ్లోరైడ్‌ను ముందుపళ్ళ మచ్చలపై తొందరపడి పూయిస్తే, పైపొర త్వరగా గట్టిపడి లోపలి తెలుపు అలాగే నిలిచిపోయే అవకాశం ఉంది. అందుచేత వైద్యుని సలహా లేకుండా దాని జోలికి పోకూడదు. పాల ప్రోటీను నుంచి తయారయ్యే కాల్షియం క్రీములను కూడా కొందరు వైద్యులు సూచిస్తారు గాని, పాల ప్రోటీనుకు అలర్జీ ఉన్నవారు వాటిని వాడరాదు.

ఆరు నెలలకూ మచ్చ తగ్గకపోతే, పైపొరను ఆమ్లంతో తెరిచి, ఆ రంధ్రాలలోకి ప్లాస్టిక్ వంటి పల్చని ద్రవమైన రెసిన్‌ను ఇంకించే చికిత్స ఉంది. అందులో కాంతి వంగే తీరు (వక్రీభవనం) ఎనామెల్‌కు దగ్గరగా ఉండటం వల్ల తెలుపు కలిసిపోతుంది. పళ్ళను తెల్లబరచుకోవాలన్న కోరిక కూడా ఉంటే బ్లీచింగును ముందుగా చేయించుకొని, సుమారు రెండు వారాలు ఆగాకే రెసిన్ వేయించుకోవాలి. ఎందుకంటే రెసిన్ నిండిన చోట బ్లీచింగు సరిగా పనిచేయదు.