ఆరిజోనా ఎడారిలో, కొండల్లో రాటిల్‌స్నేక్‌లను, తొండలను చూడడం ఎలా?

ఫీనిక్స్, టూసాన్ చుట్టూ ఉన్న సొనోరన్ ఎడారిలో పామును వెతకడమంటే ముందు ఎండ ఎక్కడుందో, నీడ ఎక్కడుందో చూసుకోవడమే. మార్చి, ఏప్రిల్‌లో పాములు పగలే ఎండ కాచుకుంటాయి. జూన్‌కల్లా నేల పెనంలా కాలుతుంది, అప్పటినుంచి వాటి తిరుగుడంతా రాత్రిపూటే. జులై, ఆగస్టుల్లో వాన పడిన సాయంత్రాన్ని మాత్రం వదులుకోకండి.

చీలమండ దాటే బూట్లు, వదులు ప్యాంటు, మనిషికి 3, 4 లీటర్ల నీళ్లు, బైనాక్యులర్స్ ఉండాలి. ఆరేడు అడుగుల దూరంలోని తొండ కూడా స్పష్టంగా కనిపించే రకం కొనండి, పక్షుల కోసం కొన్నవి చాలావరకు అంత దగ్గర పనిచేయవు. రాత్రికి తలలైటు, టార్చి రెండూ కావాలి.

తొండలతో మొదలుపెట్టండి. పొద్దున ఎండెక్కే వేళ బండల కొనలు గమనించండి. మెడకు రెండు నల్ల పట్టీలున్న కాలర్డ్ తొండ అక్కడే నిలబడి పుషప్స్ తీస్తుంటుంది. నేరుగా దాని వైపు నడవకండి. వేరే పని మీద పోతున్నట్టు ఏటవాలుగా వెళ్లండి. మీ నీడ దానిమీద పడిందా, ఇక అంతే. లావుపాటి చక్‌వాలా తొండ అయితే పగుల్లోకి దూరి, గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుని బిగుసుకుపోతుంది. దాన్ని లాగే ప్రయత్నం చేయకండి.

పాముకైతే పొదల మొదళ్లు, ఎలుకలు ముళ్లూ పుల్లలూ పోగేసిన గూళ్ల అంచులు చూడాలి. చుట్టుకుని పడుకున్న డైమండ్‌బ్యాక్ రాటిల్‌స్నేక్ ఎండిన పేడకడిలా ఉంటుంది. తోక మీది నలుపు తెలుపు పట్టీలు కనబడితేనే పామని తెలుస్తుంది. ఆరడుగుల కన్నా దగ్గరికి పోవద్దు. మన రక్తపింజరి బుస కొట్టినట్టు ఇది తోక కొసనున్న గిలక్కాయ ఆడిస్తుంది, కానీ ప్రతిసారీ కాదు. అప్పుడే పుట్టిన పిల్లకు గిలక్కాయ బదులు ఒక్క గుండీయే ఉంటుంది, చప్పుడే రాదు. కాబట్టి కంటికి కనబడని చోట చెయ్యి, కాలు పెట్టకండి. పడిపోయిన మాను అడ్డొస్తే దాన్ని ఎక్కి, అవతల చూసి, అప్పుడే దిగండి. గిలక్కాయ వినబడితే గెంతకండి, నిలబడి చప్పుడు ఎటునుంచో కనిపెట్టి, అటుకు దూరంగా వెనక్కి జరగండి.

9,100 అడుగులు దాటిన మౌంట్ లెమన్ లాంటి కొండల మీద వేసవిలోనూ పగలు చల్లగానే ఉంటుంది, కాబట్టి అక్కడ మధ్యాహ్నాలు కూడా పనికొస్తాయి. చిరికావా కొండల రాతి గుట్టల్లో ట్విన్‌స్పాటెడ్ లాంటి చిన్న రాటిల్‌స్నేక్‌లుంటాయి. రాళ్లు తిరగేయకండి: సందుల్లోని తేమ ఆరిపోతే ఆ గూడు మళ్లీ పనికిరాదు. పైగా ట్విన్‌స్పాటెడ్‌కు, హీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లికి చట్టం రక్షణ ఉంది. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, పాములు పట్టి అమ్ముకునేవాళ్లూ అవి చూస్తారు.

కాటు పడితే ఉంగరాలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు త్వరగా వస్తుంది. కోయడం, పీల్చడం, తాడు బిగించడం, ఐసు పెట్టడం ఏవీ వద్దు. కాటు పడిన కాలూ చెయ్యీ కదపకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. లోయల్లో సిగ్నల్ ఉండదు, అందుకే ఎటు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి.