ఉద్యోగం చేస్తూనే ఇంటర్వ్యూలకు టైం ఎలా కుదుర్చుకున్నానంటే

హైటెక్ సిటీలో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం నాది, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో సమస్యలొస్తే చూసుకునే పని. ఉదయం పదిన్నరకు టీమ్ మీటింగ్, సాయంత్రం ఆరు దాటాక అమెరికా క్లయింట్ కాల్స్. కొత్త కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లేమో "ఈరోజు మూడింటికి కుదురుతుందా?" అనే అడుగుతారు. ఆ టైంలో సీట్లో లేకపోతే మా మేనేజర్ ఫోన్ చేసేస్తారు.

అందుకని వాళ్లు అడిగేదాకా ఆగకుండా నేనే ముందు చెప్పడం మొదలుపెట్టాను. "ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నానండీ. ఉదయం ఎనిమిదిన్నర, లేదంటే శనివారం ఎప్పుడైనా సరే. నోటీస్ పీరియడ్ 90 రోజులు" అని ఒకే మెసేజ్‌లో. చాలామంది ఒప్పుకున్నారు. నోటీస్ సంగతి, అంటే రాజీనామా చేశాక కూడా 90 రోజులు ఇక్కడే పనిచేయాలని చూడగానే కొందరు మాయమయ్యారు. అదీ మంచిదే, అన్ని రౌండ్లూ అయ్యాక తేలే బదులు.

వీడియో రౌండ్లన్నీ ఇంట్లోనే, సొంత ల్యాప్‌టాప్ మీద. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మనం చేసేది ఐటీ వాళ్లకు కనబడొచ్చు, దాన్ని ముట్టుకోకపోవడమే నయం.

చివరి రౌండ్‌కి మాత్రం నేరుగా రమ్మన్నారు, అదీ బుధవారం మధ్యాహ్నం. ముందే హాఫ్ డే లీవ్ పెట్టి, కారణం దగ్గర "సొంత పని" అని రాశాను. జ్వరమనో, ఊళ్లో పెళ్లనో చెబితే ఆ అబద్ధాన్ని గుర్తుపెట్టుకోవడం ఇంకో టెన్షన్. ఆ పూట నా ఆన్‌కాల్ డ్యూటీ (సమస్య వస్తే వెంటనే అందుకోవాల్సిన వంతు) టీమ్‌లో ఒకతను చూశాడు, బదులుగా అతని ఆదివారం నేను తీసుకున్నాను. ఇస్త్రీ చొక్కా బ్యాగులోనే ఉంచాను. రోజూ టీషర్టులో వచ్చేవాడు టక్ చేసుకొస్తే ఆఫీసంతా ఆరా తీస్తుంది మరి! ఆఫర్ వచ్చింది, ప్రస్తుతం నోటీస్ పీరియడ్ నడుస్తోంది.